నల్లబడ్డ చెంచా

కొరియావాళ్ళు పెద్దలను తలుచుకునే ఛూసక్ పండగ రేపే. పెద్దలకు పెట్టాలంటే ఇంట్లోని కంచు గిన్నెలన్నీ తళతళలాడాలి. కోడలు ఒక్‌సిమ్ పెరట్లో చాప పరుచుకుని, గడ్డిచుట్టకు నూరిన పెంకుపొడి అద్ది, చిలుము పట్టిన గిన్నెలను పొద్దుటినుంచీ తోముతూనే ఉంది. భుజాలు పడిపోతున్నాయి.

“అడుగు చూడు, ఇంకా చిలుము పచ్చగా కనిపిస్తూనే ఉంది. మీ అమ్మ నీకు తోమడం కూడా నేర్పలేదా?” అని బోసినోటితో వంక పెట్టిపోయింది అత్తగారు. ఆవిడ జన్మలో గడ్డిచుట్ట పట్టిన పాపాన పోలేదు.

అందుకే, పచ్చడి జాడీల వెనక గరగరమని తోముతున్న చప్పుడు వినిపిస్తే ఒక్‌సిమ్ ఆశ్చర్యపోయి వెళ్ళి చూసింది. అత్తగారే! తన వెండి చెంచాను బూడిదతో తెగ రుద్దేస్తోంది.

“అయ్యో, ఇటివ్వండత్తయ్యా, నేను తోముతా.”

“నీ పని నువ్వు చూసుకో!”

ఈలోపే చెంచా ఒక్‌సిమ్ కంటబడింది. నల్లగా ఉంది. వెండి నల్లబడిందంటే తిన్నదాంట్లో విషం ఉన్నట్టేనని ఊరంతా నమ్ముతుంది. ఇంట్లో వండేది తనొక్కతే.

“ఒట్టు, నేనేమీ కలపలేదత్తయ్యా!”

“ష్! అరవకు. మీ మామగారు వింటే కొంప మునుగుతుంది.”

ఒక్‌సిమ్‌కు ఏడుపు తన్నుకొచ్చింది. నిత్యం సాధించే అత్తగారు, తనను ఎక్కడ వెళ్ళగొడతారోనని, దొంగచాటుగా చెంచా తోముకుంటోందా? ఇంత ప్రేమ ఎక్కడ దాచింది? పైగా విషం తింటూ కూడా ఈమధ్య బుగ్గలు నిండాయి, మహాతల్లి!

అంతలో మామగారు దుడ్డుకర్రతో అటే వచ్చాడు. పెద్దలకోసం దాచిన గుడ్లను ఏదో పాము మింగేస్తోందని ఆయన నెల్లాళ్ళుగా కర్ర దించడం లేదు.

“ఇటేమైనా పాకిందా?” అన్నవాడల్లా చెంచాను చూసి కొయ్యబారిపోయాడు. “విషం! ఒసే, కోడలు నీకు విషం పెడుతోందే! ఏయ్, మూట సర్దుకో! ఈ క్షణమే మీ పుట్టింటికి పో!”

ఒక్‌సిమ్ ఆయన కాళ్ళమీద పడింది.

అత్తగారు చెంచా వంక చూసింది. కర్ర వంక చూసింది. వెక్కివెక్కి ఏడుస్తున్న కోడలి వంక చూసింది. పెద్ద నిట్టూర్పు విడిచింది.

“ముందా కర్ర కింద పెట్టండి, ఉడికిన గుడ్డు తగిలినా వెండి నల్లబడుతుంది, మీరు వెతుకుతున్న ఆ పాము నేనే!”