పదిహేడో చుక్క

"జంట పక్షులు దొరికాయి గురూ!" అన్నాడు పక్క సీటు బట్టతలాయన, అతని తెర మీద వేలు పెట్టి.

చుట్టుపక్కల వీధుల్లో నలభై మంది చేతులకు కంపెనీ పట్టీలు కట్టింది. అవి గుండె వేగాన్ని కొలిచి ఆఫీసుకు పంపుతాయి. ఎవరి గుండె ఎవరితో పాటు పరుగెత్తుతోందో, ఎవరితో పాటు నెమ్మదిస్తోందో కంప్యూటర్ పోల్చి చూసి, కలిసినవాళ్ళను ఒక గుంపుగా చూపిస్తుంది. ఒక్కో మనిషి ఒక్కో చుక్క. పేర్లుండవు, అంకెలే.

పదిహేడు, ముప్పై రెండు ఒకదాన్నొకటి అతుక్కుని ఉన్నాయి.

అతని గొంతులో టీ అడ్డం పడింది. మూడు నెలల కిందట పదిహేడో పట్టీని భార్య చేతికి కట్టింది తనే.

కాకతాళీయమేమో అనుకున్నాడు. పోలిక బాగా గట్టిగా ఉన్నవాళ్ళే మిగిలేట్టు తెర పక్కనున్న మీటను పైకి జరిపాడు. గుంపులన్నీ చెదిరిపోయాయి. ఈ రెండు మాత్రం విడిపోతే ఒట్టు! చుక్కల మీద నొక్కితే గీతలు తెరుచుకున్నాయి. రెండు నెలలుగా రోజూ ఆరింటికి రెండు గుండెలూ ఒక్కసారే ఎగిరాయి, ఏడింటికి ఒక్కసారే దిగాయి. వాన పడ్డ మంగళవారం మాత్రం రెండూ చప్పగా పడున్నాయి. ఆ సాయంత్రం ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరూ ముఖాలు మాడ్చుకుని కూర్చోవడం అతనికి గుర్తొచ్చింది.

"ముప్పై రెండు మగాడా?"

"మగాడే. అంతకు మించి మనకు చెప్పరుగా," అన్నాడు బట్టతలాయన.

భార్య రోజూ ఐదున్నరకు కుట్టు క్లాసుకని బయల్దేరి ఏడున్నరకు వస్తుంది. కుట్టు క్లాసట! సూదిలో దారం ఎక్కించడానికి గుండె నూట ఇరవై కొట్టుకుంటుందా? అతనికి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. వాడు ఎలా ఉంటాడు? తనకంటే పొడుగా? బాగా నవ్విస్తాడా? పదకొండేళ్ళ కాపురంలో ఆమె గుండె తన గుండెతో ఎప్పుడైనా ఇలా ఎగిరిందా? అనుమానం పెనుభూతం అంటారు. అతని భూతానికి నంబరు కూడా ఉంది.

మర్నాడు సెలవు పెట్టాడు. భార్య బట్టలు పెట్టెలో కుక్కేశాడు. తండ్రి పోయిన ఆరేళ్ళకు ఇప్పుడిప్పుడే నవ్వుతున్న తల్లి ముందు రభస ఎందుకని, ఆవిడ నడకకు వెళ్ళేదాకా పళ్ళ బిగువున కూర్చున్నాడు.

"ఒరేయ్, కొత్త చెప్పులు బాగున్నాయా?" అని అడిగి మరీ బయల్దేరింది ఆవిడ.

"బాగున్నాయి, వెళ్ళు," అన్నాడు తల ఎత్తకుండా.

తలుపు మూసుకోగానే భార్యకు అడ్డంగా నిలబడ్డాడు.

"తప్పుకోండి, క్లాసుకు టైమవుతోంది."

"ఇవాళ క్లాసూ లేదు, గీసూ లేదు. కూర్చో. ఎవడు వాడు?"

"ఎవడు ఎవడు?"

"ముప్పై రెండు!"

"మీకు గానీ జ్వరం తగిలిందా?"

ల్యాప్‌టాప్ ఆమె ముందుకు తోశాడు. చుక్కలు, గీతలు, మంగళవారం వానతో సహా అన్నీ చూపించాడు. ఆమె చేతులు కట్టుకుని విన్నది. మధ్యలో ఒకసారి ఆవులించింది కూడా.

గోడ గడియారం ఆరు కొట్టింది. తెర మీద పదిహేడు ఒక్క గెంతు గెంతింది. దానితో పాటే ముప్పై రెండు.

"చూశావా! నా ఎదురుగా కూర్చుని కూడా వాణ్ణే తలుచుకుంటున్నావు!" అతను పెట్టెను ఆమె కాళ్ళ దగ్గరికి తోశాడు. "నీ బట్టలు సర్దేశాను. వెళ్ళు, వాడి దగ్గరికే వెళ్ళు."

ఆమె తెర వైపు వంగింది. ఎగురుతున్న రెండు చుక్కలనూ కాసేపు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఉత్త మణికట్టును అతని ముందుకు చాపింది.

"నాకు దద్దుర్లు వస్తున్నాయని ఆ పట్టీ రెండు నెలల కిందటే అత్తయ్యగారి చేతికి కట్టేశానండీ."