మొదటి పిడి

శ్యాంబాబు పదకొండింటికి వస్తానన్నాడు. తొమ్మిది కాకముందే గోవర్ధనరావు షెడ్డులోకి నాలుగుసార్లు వెళ్లి నాలుగుసార్లు బయటికి వచ్చాడు.

షెడ్డు మధ్యలో, బల్ల మీద చెక్కముక్కని గిర్రున తిప్పి ఉలితో నున్నగా తీసే కొత్త లేత్ మిషన్. రెండు మూరల పొడుగైనా లేదు. శనివారం విజయవాడ నుంచి వచ్చింది. పాతది మూలకి చేరింది. నీళ్ల మోటారుతో నడిచే ఆ పాత లేత్ తిరుగుతుంటే పైన రేకులు అదిరేవి. బందరులో ఆ వీధి వీధంతా “గోవర్ధనరావు పనిలో ఉన్నాడు” అనుకునేది. కొత్తదానికి ఫ్యానుకున్నంత చప్పుడు కూడా లేదు.

పెడనలో గుడ్డల మీద అద్దకం వేసే కలంకారీ అచ్చులకి వెనక చెక్క పిడులు ఉంటాయి. పిడి నున్నగా, పట్టుకి కుదురుగా లేకపోతే రోజంతా అచ్చు కొట్టేవాళ్ల అరచేతులు బొబ్బలెక్కుతాయి. అందుకే అక్కడ “గోవర్ధనరావు పిడి” అని అడిగి మరీ తెప్పించుకుంటారు. అద్దకం షెడ్లు నడిపే శ్యాంబాబు ఈసారి ఏడాదికి సరిపడా ఆర్డరు ఇస్తానన్నాడు. ఒక్కటే షరతు.

“కొత్త మిషన్ మీద మొదటి పిడి నా కళ్లముందు తియ్యాలి బావగారూ. దాన్ని నేనే పట్టుకెళ్లి కొత్త అచ్చుకి బిగించుకుంటాను. మా నాన్న రోజుల నుంచీ మాకది ఆనవాయితీ.”

ఫోన్లో సరేననేశాడు గోవర్ధనరావు. ఆ క్షణం నుంచి అతనికి అన్నం సహించడం లేదు. పని జరిగేటప్పుడు షెడ్డు తలుపు మూసి ఉండాల్సిందే అతనికి. ఎవరైనా చూస్తుంటే ఉలి జారుతుందంటాడు.

“ఏమండీ, కాఫీ చల్లారిపోయింది,” అంది భార్య భానుమతి. చేతిలో గుడ్డ ముక్కతో కొత్త మిషన్ని తుడుస్తోంది. శనివారం నుంచి ఎన్నిసార్లు తుడిచిందో లెక్కలేదు. “ఒక్కసారి పనికిరాని ముక్క బిగించి చూడండి.”

“చూస్తున్నాగా.”

“మిషన్‌తో పాటు ఇచ్చిన పుస్తకం చూస్తే వస్తుందా?”

అతను పుస్తకం మూసి తుమ్మ ముక్క ఒకటి బిగించాడు. స్విచ్ వేశాడు. ఉలి ఆనించాడు. టప్పుమని ముక్క ఎగిరి గోడకి కొట్టుకుంది.

“స్పీడు తగ్గించండి. ఉలి కిందికి వాలింది. మోచెయ్యి ఒంటికి ఆనించుకోండి.”

“నువ్వు చెప్పకు తల్లీ.”

“చెప్పొద్దంటే ఎలా? మా నాన్న అవనిగడ్డలో మంచం కోళ్లు తీస్తుంటే పక్కన కూచుని పెరిగినదాన్ని.”

“మీ నాన్న పాఠాలు ఇప్పుడు మొదలెట్టకు. అసలే తల వేడెక్కిపోతోంది.”

“తల సంగతి తర్వాత. ఉలి పట్టు కుదరలేదు, అది చూసుకోండి.”

రెండో ముక్క నిలువునా చీలింది. మూడోది గుండ్రంగా వస్తోందనుకునేలోపు నడుం దగ్గర పుటుక్కుమంది.

“ఈ లెక్కన నెల రోజులపాటు వేణ్ణీళ్లకి పుల్లల కరువు లేదు,” అంది భానుమతి. నవ్వబోయి అతని మొహం చూసి ఆపేసింది.

“అసలీ మిషన్ ఎందుకు కొన్నట్టు? పాతదే హాయిగా ఉండేది.”

“హాయా? అది అదిరీ అదిరీ భుజాలు పడిపోతున్నాయనేగా కొన్నది!”

అతను బయటికి వెళ్లి రోడ్డు చూసి వచ్చాడు.

“కరెంటు పోయిందందామా?”

“పక్కింట్లో టీవీ మోగుతుంటేనా?”

“జ్వరమని ఫోన్ చేస్తాను.”

“ఇవాళ తప్పించుకుంటే రేపొస్తాడు. రేపూ లేదంటే గుడివాడ వెళ్తాడు. అక్కడ పెద్ద మిషన్ల వాళ్లు ఎప్పుడెప్పుడా అని కాచుక్కూచున్నారు.”

నిజమే. శ్యాంబాబు పోతే అతని వెనకే మిగతా పెడన వాళ్లూ పోతారు. షెడ్డుకి తాళం వెయ్యాల్సిందే. 

భానుమతి విరిగిన ముక్కలు ఊడ్చి గోనెసంచిలో దాచేసింది. చెక్కపొట్టు ఎత్తేసింది. మంచి టేకు ముక్క ఒకటి ఏరి, అటూ ఇటూ తిప్పి చూసి, గోటితో మీటి, మిషన్ పక్కన పెట్టింది.

“దీనికి పగులు రాదు. గట్టిగా నొక్కకండి. దానంతట అదే వస్తుంది.”

“అంత తేలిక కాదు భానూ.”

“తెలుసండీ.”

పదకొండుకి పది నిమిషాలుందనగా గుమ్మం ముందు మోటారు సైకిలు ఆగింది. శ్యాంబాబు కొత్త అచ్చుని తువ్వాల్లో చుట్టి పసిబిడ్డలా పట్టుకొచ్చాడు.

“ఏం బావగారూ, పెళ్లికొడుకులా చెమటలు పట్టేశాయేంటి?”

“ఉక్కగా ఉంది కదండీ.”

“ఫ్యాను కిందేగా ఉన్నారు!”

శ్యాంబాబు మిషన్ చుట్టూ తిరిగాడు. బాగుందన్నాడు. భానుమతి మజ్జిగ తెచ్చిచ్చి లోపలికి వెళ్లకుండా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. గోవర్ధనరావు టేకు ముక్క బిగించాడు. ఒకసారి చూసుకుని విప్పాడు. మళ్లీ బిగించాడు.

“కానివ్వండి మరి,” అన్నాడు శ్యాంబాబు.

స్విచ్ పడింది. ముక్క చప్పుడు లేకుండా గిర్రున తిరుగుతోంది. గోవర్ధనరావు ఉలి పట్టుకున్నాడు. దాని కొస చెక్కకి దగ్గరగా వెళ్లి ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది. 

శ్యాంబాబు గ్లాసు కింద పెట్టి, గోవర్ధనరావు చేతిలోని ఉలిని మెల్లగా తీసుకుని, భానుమతి వైపు చాపి అన్నాడు: “నువ్వు కానియ్యమ్మా చెల్లెమ్మా, పోయినేడు బావగారు కాలు విరిగి నెల రోజులు గుడివాడ ఆస్పత్రిలో పడుకున్నప్పుడు కూడా నాకు పిడులు ఒక్క వారం ఆగలేదు.”