గుమ్మం మీది గీతలు

దగ్గరికి జరగండర్రా, ఓ చరిత్ర టీచరమ్మ సంగతి చెబుతాను.

ఆమె ఇంటి గుమ్మానికి రంగు వేస్తుంటే, పక్కనే కూతురు పాఠం వల్లె వేస్తోంది.

"యుద్ధమప్పుడు అవతలి భాషవాళ్ళు తమంతట తామే ఊరొదిలి వెళ్ళారు... నిజమేనా అమ్మా?"

"బళ్ళో నేను చెప్పిందీ అదేగా! నోరు మూసుకుని చదువు."

"మరి ఇది ఒకప్పుడు వాళ్ళ ఇల్లేగా! ఈ గీతలు చూడు."

గుమ్మం మీద ఎవరో పిల్ల ఎత్తు కొలిచిన గీతలు.

"నా భుజం దగ్గరే ఆగిపోయాయి. పాపం, పెద్దయ్యేదాకా ఉండనివ్వలేదా?"

కుంచె పట్టిన చెయ్యి ఆగింది. ఆ పిల్ల చిన్నప్పటి తన నేస్తమే. తన తండ్రే కర్ర పట్టుకుని వాళ్ళను తరుముతుంటే, అప్పట్లో తాముండే ఎదురింటి కిటికీలోంచి తాను చూసింది.

"ఉండనివ్వలేదే తల్లీ. మీ తాతయ్యే తరిమాడు."

"రేపు బళ్ళో కూడా చెప్తావా?"

టీచరమ్మ ఆ గీతల మీద రంగు వెయ్యకుండానే డబ్బాకి మూత పెట్టింది.

మరిచిపోకండర్రా. మీ పిల్లల ఎత్తు కొలిచినప్పుడల్లా ఇది చెప్పండి.