గీకేసిన ముఖం

"తల ఎత్తమన్నానా? ఎత్తు!" అరిచాడు చిత్రకారుడు కుర్తే.

పీట మీద నిలబడ్డ ముసలామె తల ఎత్తింది. అతను చెవికి తగిలించిన ఇత్తడి పోగు తీయబోతూ మళ్లీ తల దించేసింది.

కుర్తేకి ఒళ్లు మండిపోయింది. సాయంత్రానికి బొమ్మ పారిస్ ప్రదర్శనకు చేరాలి. బొమ్మలో దేశం కోసం నగలు విప్పి ఇస్తున్న రోము స్త్రీలు. అందరూ కుదిరారు. ముందు నిలబడే స్త్రీ ఒక్కతే కుదరడం లేదు. ఆమె కోసమే నది రేవులో బట్టలుతికే ఈ మనిషిని పొద్దున పిలుచుకొచ్చాడు.

"దేశానికిస్తున్నావమ్మా! పన్ను పీకించుకుంటున్నట్టు ఆ మొహమేమిటి?"

"ఇచ్చేటప్పుడు ఇలాగే ఉంటుంది నాయనా."

"నాకు చెప్పొచ్చావా? విప్లవం మొదలైన ఏడు మా ఆవిడ సభకెళ్లి నగలన్నీ దేశానికిచ్చింది, పెళ్లి ఉంగరంతో సహా."

"అయితే ఆవిడనే నిలబెట్టుకోకపోయావా?"

"నిలబడనంటోంది! పొద్దున్నే పుట్టింటికి పోయింది. సరే, చెయ్యి ఆకాశంలోకి చాచు. దేవతలా."

"ఉతికిన చెయ్యి. అంత పైకి లేవదు."

"లేవదు, ఎత్తవు, నవ్వవు! ఇక దిగు తల్లీ, నీకో దండం!"

ఆమె దిగింది. పోగులు తీసి పీట మీద పెట్టింది.

"కోప్పడకు. బొమ్మ బాగానే ఉంది. ఆ ఆడవాళ్లే మరీ సంబరంగా ఉన్నారు."

వెళ్లిపోయింది. కుర్తే పేరైనా అడగలేదు.

మూలనున్న పాలరాతి దేవత నకలును ముందుకు లాక్కున్నాడు. మనిషి కుదరకపోతే అక్కడి చిత్రకారులందరికీ రాయే దిక్కు. కత్తి తీసుకుని గుడ్డ మీద గీసిన ముసలామె గడ్డం గీకాడు, నోరు గీకాడు, ముక్కు గీకాడు.

అప్పుడు తలుపు తోసుకుని భార్య ఒదిల్ వచ్చింది. గుడ్డ మీద కళ్లు మాత్రమే మిగిలి ఉన్నాయి.

"ఎవర్నండీ గీకేస్తున్నారు?"

"రేవు మనిషిని. త్యాగమంటే ఏమిటో ఒక్క ముక్క తెలీదు. పొద్దంతా పాడుచేసింది!"

ఒదిల్ దగ్గరికొచ్చి ఆ కళ్లను చూసింది. టోపీ తీయడం కూడా మరిచిపోయింది.

"ఎటు వెళ్లింది?"

"నాకేం తెలుసు? నీకెందుకు?"

"ఆవేళ సభలో నగలిచ్చేటప్పుడు మేమంతా ఉంగరాలు బిగించి పట్టుకుని, నువ్వు ముందంటే నువ్వు ముందని వెనక్కి జరుగుతుంటే, చెవులవి విప్పి మొట్టమొదట సభవాళ్ల బల్ల మీద పెట్టింది ఈవిడేనండీ."