ఎర్రగీత డబ్బా

“ఈ డబ్బాలు సర్దింది ఎవరప్పా?”

ఎడ్విన్ సార్ గొంతు ల్యాబంతా మోగింది. మదనపల్లెలో ఇరవై రెండేళ్లుగా ఇంటర్ పిల్లలకు ఎలక్ట్రానిక్స్ చెబుతున్నా, ఆయన గొంతు రెండో బెంచీ దాటి ఎరుగదు. ఆ రోజు మాత్రం దాటింది. దాటదా మరి! పన్నెండు బెంచీల మీద పన్నెండు సర్క్యూట్లు పెడితే ఒక్క ఎల్‌ఈడీ కూడా వెలగలేదు.

“సార్, ఎర్రగీత డబ్బాలో అన్నీ పచ్చగీతవే ఉండాయి,” అన్నాడు ముందు బెంచీ లోహిత్.

కరెంటును అడ్డుకునే రెసిస్టరు ఎంతదో దాని మీది రంగు గీతలే చెబుతాయి. ఈ రెండు రకాల్లో మూడో గీత ఎరుపైతే వెయ్యి ఓములు. అదే గీత ఆకుపచ్చయితే పది లక్షలు. పది లక్షలది పెడితే దీపం వెలగమన్నా వెలగదు.

సార్ డబ్బాలోకి తొంగిచూశాడు. గుప్పెడు తీసి వెలుగుకు పెట్టి చూశాడు.

“రోజూ సర్దేది షైలజే గదా సార్,” అన్నారు వెనకనుంచి.

షైలజ లేచి నిలబడింది. “నేను సరిగ్గానే సర్దినాను సార్. ఎర్రవి దాంట్లో, పచ్చవి దీంట్లో ఏసినాను.”

“మరి కాళ్లొచ్చి నడిసిపోయినాయా అమ్మా?” అన్నాడు సార్.

అందరూ నవ్వారు. షైలజకు కన్నీళ్లొచ్చాయి. ఆ డబ్బాలు సర్దే పని ఆమెకు సార్ ఏరికోరి ఇచ్చింది. ఊరికే వదిలేసే మనిషి కూడా కాదాయన. “కన్ను మోసం చేస్తుంది, మీటరు చెయ్యదు” అంటూ సాయంత్రం ఒక్కో రెసిస్టరునూ మల్టీమీటరుకు పెట్టి కొలిచి చూసుకునేవాడు. ఆ ఒక్క మీటరూ పాడై పుంగనూరుకు రిపేరుకు పోయి పది రోజులైంది. అయినా అలవాటు మానలేదు. రోజూ అందరూ పోయాక డబ్బాలు మరోసారి కంటితోనే సరిచూసి సర్ది, తాళం వేసి పోతున్నాడు.

మధ్యాహ్నం షైలజను స్టాఫ్‌రూమ్‌కు పిలిపించాడు.

“కూర్చోమ్మా. ఒగ మాట అడుగుతా, భయపడొద్దు. నీకు ఎరుపూ పచ్చా తేడా తెలస్తాందా?”

షైలజ తలెత్తి చూసింది.

“కొందరికి పుట్టుకతోనే ఆ లోపం ఉంటాది. వాళ్లకే తెలీదు. నువ్వు రైల్వే సిగ్నల్ పనికి పోవాలంటాండావు గదా? మెడికల్ టెస్టులోనే ఎనక్కి పంపేస్తారు. రెండేళ్లు సదివి అప్పుడు ఏడిసేదానికన్నా ఇప్పుడే టీసీ తీసుకుని కామర్స్‌కు మారిపో. మీ నాయనకు నేను చెప్తాను.”

“సార్, నేను సరిగ్గానే...”

“నాకేమన్నా నీ మీద కోపమా తల్లీ?” అన్నాడు సార్. నిజంగానే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. “రేపు కంటి ఆసుపత్రికి పోదాం. నేనూ వస్తా.”

ఆ సాయంత్రం తండ్రికి ఈ మాట చెబితే గంగులయ్య నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలబడ్డాడు. టమాటా మండీలో కాయల్ని రంగు చూసి వేరు చేయడమే ఆయన పని.

“నా కడుపున పుట్టి నీకు రంగు తెలీకపోవడమేంది పాపా?”

“ఏమో నాయనా. సార్ అబద్ధం చెప్తాడా?”

“ఆయప్ప యాల చెప్తాడు, దేవుడట్లా మనిషి! మొన్న మండీకొస్తే నచ్చినవి ఏరుకోమన్నా. సగం పచ్చికాయలే ఏసుకున్నాడు. మంచి కాయ తీసుకుంటే మాకు నష్టమని మొగమాటపడినాడు.”

ఇక షైలజకు తన కళ్ల మీద తనకే నమ్మకం పోయింది. ఎర్ర రిబ్బను తీసి చూసుకుంది. ఎర్రగానే ఉంది. కానీ ఎరుపంటే అందరికీ కనిపించేది ఇదేనా? అడిగితే ఎవరు చెప్పగలరు?

మరునాడు పదింటికి ముగ్గురూ ఆసుపత్రిలో ఉన్నారు. కళ్లు పరీక్షించే ఫ్లారెన్స్ సిస్టర్ ఒక పుస్తకం బల్ల మీద పెట్టింది. పేజీ నిండా రంగు చుక్కలు.

“ఇది సానా సులువు పాపా. చుక్కల మధ్యలో అంకె దాగుంటాది, చెప్పాల. ఎరుపూ పచ్చా కలిసిపోయే కళ్లకు అంకె అగపడదు, ఉత్త చుక్కలే. ఆడపిల్లల్లో ఈ లోపం అరుదులే, మొగోళ్లకే ఎక్కువ.”

“అరుదంటే ఉండదని కాదు గదా సిస్టర్,” అన్నాడు సార్ దిగులుగా. అద్దాలు తుడుచుకుని షైలజ కుర్చీ వెనక నిలబడ్డాడు. గంగులయ్య గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

“మొదటి పేజీ ఎట్లాంటి కళ్లకైనా అగపడతాది. చెప్పు.”

“పన్నెండు.”

వెనక సార్ పెదవులు కూడా ‘పన్నెండు’ అని కదిలాయి. హమ్మయ్య అనుకుంటూ పాప తల నిమిరాడు.

“అసలు పరీక్ష ఇప్పుడు,” అంటూ సిస్టర్ పేజీ తిప్పింది.

షైలజ ముందుకు వంగింది. పెద్దవీ చిన్నవీ చుక్కలు, చుక్కలు, చుక్కలు. ఒక క్షణం ఏమీ తోచలేదు. కన్నీళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది.

“నలభై ఐదు!” అని అరిచినంత పని చేసింది.

గంగులయ్య కళ్లు తెరిచాడు. సిస్టర్ కాగితం మీద ఏదో రాసుకుంది.

సార్ మాత్రం వంగి ఆ పేజీని దగ్గరగా చూశాడు. ఇంకాస్త వంగి మళ్లీ చూశాడు. నిట్టూర్చి, జాలిగా షైలజ భుజం మీద చెయ్యి వేశాడు.

“భయపడి నోటికొచ్చింది చెప్పొద్దు తల్లీ. ఈ పేజీలో అంకె యాడుండాది?”