గిన్నె పిన్ని

“ఈవేళ ఏ దేశమమ్మా?”

టైలరు భార్య తలుపు తీసేసరికి, కింద పోర్షన్ ఆవిడ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

“ఇటలీ అండీ,” అంది ఆమె, రాని నవ్వు తెచ్చుకుని.

“ఏమేం వేశావు?”

“బియ్యం, పుట్టగొడుగులు, వెన్న, చీజ్. చివర్లో నిమ్మతొక్క తురిమాను.”

“వీటిలో నోటికి ముందు తగిలేది ఏది? ఆఖర్న తెలిసేది ఏది?”

పోలీసులు కూడా ఇన్ని ప్రశ్నలు అడగరు. అన్నీ చెప్పించుకుంటే గానీ ఈవిడ గడప దాటి లోపలికి రాదు. కిందికి అద్దెకు వచ్చింది మొన్న మొన్ననే. అయినా ఆదివారం మధ్యాహ్నమైతే చాలు, గిన్నెతో పైకి వచ్చేస్తుంది. అందుకే టైలరు భార్య ఆవిడకు గిన్నె పిన్ని అని పేరు పెట్టింది, చాటుగానే లెండి.

అసలు ఈ దేశాల గొడవంతా టైలరు కోసం. జ్వరం వచ్చి తగ్గాక ఆయనకు రుచీ వాసనా తెలియకుండా పోయాయి.

“తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. తిండి మాత్రం మానకూడదు,” అన్నాడు డాక్టరు.

ఆయన సరిగ్గా అదే మానేశాడు. దూది నమిలినట్టుందని పళ్ళెం పక్కకు తోసేసేవాడు. ఊళ్ళోవాళ్ళ నడుములు కొలిచే మనిషి తన ప్యాంట్లు తనే మళ్ళీ మళ్ళీ బిగించి కుట్టుకుంటుంటే ఆమెకు భయంతో నిద్ర పట్టేది కాదు.

రోజూ తినే వంటైతే పాత రుచి ఏదీ అని వెతుక్కుంటాడు. ఎన్నడూ తినని వంటైతే వెతుక్కోవడానికి ఏముంటుంది? అలా అనుకునే ఆమె ఫోన్‌లో వీడియోలు చూసి ఆదివారానికో దేశం వండడం మొదలుపెట్టింది.

గిన్నె పిన్ని టైలరుకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“అబ్బ! ముందు వెన్న తగులుతోంది. దాని వెనకాలే పుట్టగొడుగు. ఆఖర్న నిమ్మ, అదిగో, వచ్చింది!”

“నాకేం రావట్లేదండీ.”

“వస్తుంది. ఇంకో చెంచా తినండి. నేను రెండోసారి వడ్డించుకుంటున్నాను, మీరింకా మొదట్లోనే ఉన్నారా?”

టైలరుకు పౌరుషం వచ్చింది. ఇంకో చెంచా తిన్నాడు, మరోటి తిన్నాడు. పళ్ళెం ఖాళీ అయింది.

టైలరు భార్య మాత్రం ఆవిడ గిన్నెనే చూస్తోంది.

“ఉప్పు సరిపోయిందా పిన్నిగారూ?”

“అమృతమే అనుకో! సరిగ్గా సరిపోయింది.”

ఆవిడ వెళ్ళాక, అడుగున మిగిలింది నోట్లో వేసుకున్న టైలరు భార్య సింకు దగ్గరికి పరిగెత్తింది.

ఉప్పుకషాయం!

ఆ ఇంట్లో ఉప్పు చూసే పని పెళ్ళైన నాటి నుంచీ మొగుడిదే. అరచేతిలో కాస్త వేస్తే నాకి చెప్పేవాడు. వండుతూ రుచి చూసే అలవాటు ఆమెకు లేనే లేదు. ఇవాళ ఉప్పు రెండుసార్లు పడిపోయింది.

ఆయనకంటే తెలియదు. ఈవిడకేం వచ్చింది? ఊరికే దొరికే తిండి కోసం ఎంత ముఖస్తుతి!

ఆమెకు ఒళ్ళు మండింది. మరుసటి ఆదివారం గిన్నె కనబడగానే తలుపు సగమే తెరిచింది.

“ఈవేళ మా ఇద్దరికే వండానండీ. ప్రతివారం ఇలా రావడం చూసేవాళ్ళకి కూడా బాగుండదు.”

గిన్నె పిన్ని మొహం చిన్నబోయింది.

“సరేనమ్మా. ఆయన చేత మాత్రం ఎలాగోలా తినిపించు. మానేస్తే ఆకలి కూడా మరిచిపోతారు.”

“అదంతా నేను చూసుకుంటాలెండి.”

ఆవిడ మళ్ళీ పైకి రాలేదు. టైలరు ఒకటి రెండుసార్లు అడిగాడు గానీ భార్య మాట దాటేసింది.

కొన్నాళ్ళకు స్పెయిన్ వంతు వచ్చింది. ఆమె స్టవ్ మీద నూనె పెట్టి, వెల్లుల్లి వేసి, ఫోన్‌లో తర్వాతేం చెయ్యాలో చూస్తోంది.

“ఏయ్, వెల్లుల్లి మాడుతోంది చూడు!” ముందుగదిలోంచి టైలరు కేకేశాడు.

“ఆఁ, కట్టేస్తున్నా,” అంటూ స్టవ్ కట్టేసి, అలాగే నిలబడిపోయింది.

మెడలో టేపుతో ఆయన వంటగదిలోకి పరిగెత్తుకొచ్చాడు.

“మాడు వాసనే! నాకు వాసన వస్తోందే!”

మాడిన వెల్లుల్లి మీదికి ఇద్దరూ తలలు వంచారు. ఆమె పక్క గిన్నెలోని టమాటా సాసు ఆయన అరచేతిలో వేసింది. ఆయన నాకాడు. కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

“ఉప్పు తక్కువైంది.”

ఆ మాట వినగానే ఆమె గట్టు మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. గుండెల మీది బండ దిగిపోయింది.

“కింద పిన్నిగారికి చెప్పిరా,” అన్నాడు టైలరు కళ్ళు తుడుచుకుంటూ. “ఆవిడ ఎదురుగా కూర్చుని ఒక్కో రుచీ చెబుతుంటే, ఏదో ఒకరోజు నాకూ తెలుస్తుందనిపించేది. ఆ ఆశతోనే తిన్నాను.”

ఆమెకు మనసు చివుక్కుమంది. ఉప్పు సరిచేసి, వంట పూర్తిచేసి, గిన్నె నిండా పెట్టుకుని మెట్లు దిగింది.

కింద ఇల్లు ఖాళీగా ఉంది. ఒక పెద్దాయన పరుపు చుట్టి తాడు కడుతున్నాడు.

“అక్క పొద్దున్నే మా ఇంటికి వెళ్ళిపోయిందమ్మా. ఇకమీదట మా దగ్గరే ఉంటుంది. సామాను కోసం నేను ఆగాను.”

“మావారికి వాసన తెలుస్తోందని చెప్పండి బాబాయిగారూ! ఇది కూడా ఆవిడకి ఇవ్వండి. రుచి చూసి ఎలా ఉందో చెబుతారు.”

పెద్దాయన మొహం వెలిగిపోయింది. తాడు వదిలేసి రెండు చేతులతో గిన్నె అందుకున్నాడు.

“ఎంత మంచి కబురు చెప్పావమ్మా! ఇది కూడా తింటుందిలే, కానీ రుచి మాత్రం అడక్కు, ఇలాంటి జ్వరంలోనే అక్కకి రుచీ వాసనా పోయి ఏళ్ళు గడిచినా, ఇప్పటికీ తిరిగి రాలేదు.”