దొర అన్న మాట

“నేత్రా, ‘నాకర్డ్’ అంటే ఏమమ్మా?” సూళగిరి ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించి వచ్చిన అంకప్ప, చెప్పులైనా విడవకుండా కూతుర్ని అడిగాడు. “మిషన్లు చూసేకి వచ్చిన లండన్ దొర నన్ను చూపించి అనినాడు. తిట్టినాడేమో.”

నేత్ర డిక్షనరీ తిరగేసింది.

“తిట్టు కాదు నాయినా. పని చేసి చేసి ఒళ్లు హూనమైనోళ్లని ఇంగ్లీషోళ్లు మాటల్లో అట్లంటారంట.”

అంకప్ప అరుగు మీద కూలబడ్డాడు. ఇరవై ఏళ్లలో ఆ సంగతి కనిపెట్టింది ఆ పరాయివాడొక్కడే.

అంతలో టమాటా తోటలో కూలి ముగించుకుని భార్య అంగాళమ్మ వచ్చింది. వచ్చీ రాగానే నీళ్లకని బిందె చంకనెత్తుకుంది. అంకప్ప ఆమెను కాసేపు అట్లాగే చూశాడు.

“నువ్వు కూడా నాకర్డే, అంగాళా.”

“అంటే?”

అంకప్ప లేచి, ఆమె చంకలోని బిందె తీసుకున్నాడు.

“అంటే... రోంత సేపు కూచో.”